చీలమండ గ్యారంటీ

“మీరు బిగించిన కాలే డాక్టరుగారూ, మీరే చూడాలి” అంటూ చెప్పుల షాపు యజమాని కుడికాలు ఎత్తి స్టూలు మీద పెట్టాడు.

“బిగించి ఆరేళ్ళయిందండీ.”

“అయితే? నా షాపులో కొన్న చెప్పు ఆరేళ్ళకి తెగినా నేను కుట్టించి ఇస్తాను.”

“ఎప్పుడిచ్చారూ?” అంది పక్కన కూర్చున్న భార్య. ఆయన వినిపించుకోలేదు.

డాక్టరు ఎక్స్‌రేని లైటుకి ఎత్తి పట్టాడు. విరిగిన ఎముక చక్కగా అతుక్కుంది. స్టీలు ప్లేటు పెట్టినచోటే ఉంది. చీలమండ నొక్కి చూశాడు, తిప్పి చూశాడు. వాపు కూడా లేదు.

“నొప్పి ఎప్పట్నుంచి?”

“నాలుగు నెలలు. షాపులో పాత అలమారాలు తీయించి కొత్తవి పెట్టించాను. అప్పట్నుంచి.”

“బరువులేమైనా ఎత్తారా?”

“ఈయనా?” అంది భార్య. “కుర్చీలో కూర్చుని అది పారేయొద్దు, ఇది పారేయొద్దు అని అరిచారు. ఒక్క అట్టపెట్టెని బయటికి పోనిస్తే ఒట్టు.”

“ఏదీ, ఒకసారి నడవండి.”

ఆయన వట్టి కాళ్ళతో గోడదాకా వెళ్ళి, పెళ్ళికొడుకులా తిరిగి వచ్చాడు.

“నొప్పేదీ?”

“ఇక్కడ లేదు.” ఆయన తెల్లబోయాడు. “మీ గదిలోకి రాగానే భయపడి దాక్కుంటోంది. షాపులో అయితే సాయంత్రానికి కాలు కింద పెట్టలేను.”

“ఇంట్లో?”

“ఇంట్లోనూ ఉండదు. ఈవిడంటే దానికీ హడలే.”

డాక్టరు గడ్డం గోక్కున్నాడు. “ఇంక మిగిలింది ఆ ప్లేటొక్కటే. కొందరికి ఏళ్ళు గడిచాక ఇబ్బంది పెడుతుంది. కోసి తీసేద్దాం. నెలరోజులు మంచం దిగకూడదు.”

“నెలరోజులా! బడులు తెరిచే నెలండీ ఇది. పిల్లల బూట్లన్నీ ఇప్పుడే కదలాలి!”

“షాపులో నేను కూర్చుంటాలెండి” అంది భార్య.

“నువ్వా? అడిగినవాడికి అడిగినంత తగ్గించేస్తావు.”

ఆయన మనసులో తూచి చూసుకున్నాడు. ఒకవైపు ఒక నెల వ్యాపారం, ఒకవైపు బతికినన్నాళ్ళూ కుంటడం. కుంటడమే బరువు తూగింది.

“సరే, కోయండి. తీసిన ప్లేటు మాత్రం నాకిచ్చేయాలి.”

“ఏం చేసుకుంటారు?”

“ఆరేళ్ళున్నా తుప్పు పట్టని సరుకు. దేనికో దానికి పనికొస్తుంది.” లేచి వెళ్ళబోతూ ఆయన డాక్టరు కాళ్ళవైపు చూశాడు. “మీ ఎడమ బూటు మడమ బయటివైపు అరిగిపోయింది. అలాగే తిరిగితే నడుం పట్టేస్తుంది, చూసుకోండి. కాళ్ళ సంగతి నాకు తెలిసినట్టు ఇంకొకళ్ళకి తెలీదు.”

సోమవారం ఉదయం ఆయనకి గౌను తొడిగి, బల్లబండి మీద పడుకోబెట్టి, ఆపరేషన్ గది గుమ్మందాకా తోసుకొచ్చారు. కోయాల్సినచోట నీలం సిరాతో గీత కూడా గీశారు. ఆయన విడిచిన చెప్పుల్ని భార్యకివ్వడానికి తీసిన నర్సు అక్కడే ఆగిపోయింది.

“ఏమండీ, కంగారులో ఎవరివో మార్చి వేసుకొచ్చినట్టున్నారు. రెండూ నల్లవేగానీ, కుడిదాని మడమ బొటనవేలంత ఎత్తుగా ఉంది.”

చేతికి సగం గ్లవ్ తొడుక్కున్న డాక్టరు వెనక్కి తిరిగాడు. చెప్పులవైపు చూశాడు. నీలం గీతవైపు చూశాడు.

“కంగారేం లేదమ్మా, రెండూ నావే” అన్నాడు ఆయన బల్లబండి మీంచి తలెత్తి, గర్వంగా. “అప్పట్లో కాలు కట్టులో ఉన్నన్నాళ్ళూ ఎడమదే అరిగిపోయింది, ఈ కుడిది కొత్తగా మిగిలింది. ఇప్పుడున్న ఎడమదేమో షోకేసులోది, దాని జత ఎవడో కొట్టేశాడు. అలమారాలు సర్దుతుంటే రెండూ దొరికాయి. నాలుగు నెలలుగా షాపుకి ఇవే వేసుకెళ్తున్నా, ఒక్క కుట్టు ఊడితే ఒట్టు!”