వెనక స్పీకర్

ఆ రోజు ఫిలిప్ కాళ్ళు నేల మీద ఆగడం లేదు.

కరీంనగర్‌లో వాళ్ళ వీధి మొత్తానికి హోమ్ థియేటర్ తెచ్చిన మొదటి మొనగాడు తనే మరి. పొద్దున ఇంట్లో ప్రార్థన కూడిక అయిందో లేదో, వచ్చినవాళ్ళను కదలనివ్వకుండా కూర్చోబెట్టి, కిటికీలకు పరదాలు లాగేశాడు.

"ఫిలిపూ, గీమెతోని జర మాట్లాడు బిడ్డా. ఆదిలాబాద్ నుంచి..." తల్లి రిబ్కమ్మ ఒక నడివయసు మనిషిని ముందుకు తెచ్చింది.

"తర్వాత అవ్వా! అక్కా, నువ్వు గా వెనక కుర్చీల కూసో. పాట షురూ అయితుంది."

ఆమె నవ్వి, వెనక స్పీకర్ పక్కన కూర్చుంది.

"గిది సరే గని, ఐతారం క్వైర్ పోటీకి రెండో గొంతు దొరికిందా?" అన్నాడు కూడికకు వచ్చిన మైసయ్య మామ.

ఫిలిప్ మొహం వాడిపోయింది. చర్చి క్వైర్ నడిపేది తనే. పాట ఎత్తుకునే గొంతు ఉంది. దానికి బదులు పలికే అమ్మాయి పెళ్ళై వెళ్ళిపోయింది. వెతకని ఇల్లు లేదు. ఆ గొంతు లేకుండా ఆదివారం పోటీకి పోతే పరువు పోయినట్టే.

"పరేషాన్ చెయ్యకు మామా. ముందు గిది ఇను!"

లైట్లు ఆరాయి. పాత సినిమా పాట. లోయలో నిలబడి హీరోయిన్ పాడి ఆగుతుంది. కొండలు బదులు పలకాలి.

పలికాయి!

వెనక నుంచి అదే రాగం మెత్తగా తిరిగొచ్చి గదంతా నిండింది. ఫిలిప్ ఒళ్ళు జలదరించింది. అందరి కళ్ళూ తెర మీదే.

"అబ్బ! కొండల నడుమ కూసున్నట్టే ఉందిర!" మైసయ్య లేచి నిలబడ్డాడు.

"వెనక స్పీకర్ కమాల్ మామా అది!"

పాట అయ్యాక ఆమె దగ్గరికొచ్చింది. "తమ్మీ, నేను..."

"మస్తుంది గద అక్కా? స్పీకరంటే గట్లుండాలె!" అంటూనే ఫిలిప్ మైసయ్య వైపు తిరిగిపోయాడు.

ఆమె వెళ్ళి రిబ్కమ్మ చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ బస్టాండుకు బయలుదేరారు.

ఈలోగా మైసయ్య ఇరుగుపొరుగును పోగేసుకొచ్చాడు. ఫిలిప్ ఛాతీ పొంగించి మళ్ళీ అదే పాట పెట్టాడు.

హీరోయిన్ పాడి ఆగింది.

వెనక చప్పుడు లేదు.

"అయ్యో, కాలిపోయిందా ఏంది!" ఫిలిప్ వెనక్కి ఉరికాడు.

వంటింట్లోంచి భార్య క్యాథరిన్ తొంగిచూసింది. "చాపలు పరిచేటప్పుడు కాళ్ళకు తట్టుకుంటున్నయని వెనక వైర్లు నేనే పీకి పెట్టిన. నువ్వు మళ్ళ తగిలియ్యలేదా?"

"కూడిక ముందే పీకినవా? మరి ఇందాక పలికింది..."

అందరూ ఖాళీ కుర్చీ వైపు తిరిగారు.

అప్పుడే రిబ్కమ్మ ఒక్కతే లోపలికొచ్చింది.

"అవ్వా! గామె ఏది?"

"బస్సెక్కింది. పోటీకి ఆదిలాబాద్ చర్చి సంఘమోళ్ళు గూడ పిలుస్తున్నరట. ఇగ వాళ్ళకే మాటిచ్చి పోయింది." రిబ్కమ్మ ఉసూరుమంటూ ఆ కుర్చీలోనే కూర్చుంది. "నీకు రెండో గొంతు కావాలని సువార్తమ్మను నేనే పిలిపిచ్చిన గద బిడ్డా!"