ఎవరి తరఫు

సింధూర నీళ్ల సీసా నింపుకుని వచ్చేసరికి, ఆమె కూతురి నోట్లో ఎవరో ముసలామె బిస్కెట్ పెడుతోంది.

అది ఎల్బీ నగర్ కోర్టు వరండా. కూతురు తన్మయి తండ్రి దగ్గరే ఉంటోంది. వాయిదా రోజుల్లోనే తల్లికి కనిపిస్తుంది. భర్త శ్రీకర్ పాపను అప్పగించి తన లాయర్ దగ్గరికి వెళ్లాడు.

బిడ్డ ఎవరికి దక్కాలో తేల్చే ఆ కేసులో, సింధూర తరఫు సాక్షికి ఇవాళే ఆఖరి అవకాశం. తనకు తెలిసి ఇంతవరకూ ఎవరూ ముందుకు రాలేదు.

కిందటి వాయిదాలో శ్రీకర్ బోనెక్కి చెప్పాడు.

"ఈమె రాత్రంతా ఆఫీసుల ఉంటది సార్. పిల్లనెట్ల చూస్తది? మా అమ్మ నా చిన్నప్పుడే చనిపోయింది. నేను పెరగలేదా?"

రాత్రి డ్యూటీ చేసే మగవాణ్ని నువ్వు తండ్రివేనా అని ఎవరూ అడగరు. ఆడదాన్ని మాత్రం అడగనివాళ్లు లేరు.

ముసలామె తన్మయి చెంపలు నిమిరి మెటికలు విరిచింది.

"ఎవరు నువ్వు? నా బిడ్డనెందుకు ముడుతున్నవ్?"

"సాక్ష్యం చెప్పనీకి ఒచ్చిన బిడ్డా. నా పేరు అండాలమ్మ. శ్రీకర్ నాకు..."

శ్రీకర్ పేరు వినగానే సింధూరకు ఒళ్లు మండిపోయింది.

"గాయన పంపిండా? నేను మంచి తల్లిని కాదని చెప్పనీకి ఒచ్చినవా?"

"జర నా మాట ఇను బిడ్డా."

"ఏం ఇనాలె? పో ఈడికెల్లి. మళ్ల నా బిడ్డ దగ్గర కనబడకు."

వరండాలో అందరూ చూస్తున్నారు. అండాలమ్మ పాప వైపు తిరిగి తిరిగి చూస్తూ గేటు దాటిపోయింది.

కాసేపటికి లాయర్ ఉదయలక్ష్మి వచ్చింది.

"మన సాక్షి ఏదండీ? ఇక్కడే కూర్చోమన్నాను. పెద్దావిడ, అండాలమ్మ గారని."

"మన సాక్షా మేడమ్? నేనే ఎల్లగొట్టిన."

"ఎంత పని చేశారండీ. మీ కేసు సంగతి తెలిసి నిన్న ఆవిడే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చెబుదామంటే మీరు ఫోన్ ఎత్తలేదు."

ఇద్దరూ రోడ్డు మీదికి పరిగెత్తారు. ఆటోలు, బస్సులు, మెట్రో మెట్ల మీద జనం. ఆమె ఎక్కడా లేదు.

లోపల కేసు పిలిచారు. సాక్షి రాలేదని రాసుకుని సాక్ష్యాలు ముగించారు.

"ఎవరు మేడమ్ ఆమె?" సింధూర అడిగింది.

"నర్సు. రాత్రి డ్యూటీలు చేసే ఆడది పిల్లాణ్ని ఏం పెంచుతుందని వాదించి, అప్పట్లో కోర్టులో ఆవిడ కొడుకుని లాగేసుకున్నారు. వాడికి అమ్మ చచ్చిపోయిందని చెప్పి పెంచారు. ఆ కొడుకే మీ శ్రీకర్."