చివరి నాలుగు పేజీలు

టీచరమ్మ మాట మీద లైబ్రేరియన్ ఆ గుడ్డసంచి బోర్లించగానే రెండు కాగితాలు జారి బల్ల మీద పడ్డాయి.

ఏదో నవల చివరి నాలుగు పేజీలు.

మొదటి వరుస చదవగానే లైబ్రేరియన్ గుర్తుపట్టింది. అది తను చదువుతున్న నవలే. రెండు వారాలుగా ముగింపు దొరక్క గొంతులో ముల్లులా మిగిలిపోయిన నవల.

"దొరికాడు దొంగ!" అన్నాడు బస్సు కండక్టరు.

"నేను మొదట్నించీ అంటూనే ఉన్నా," అంది టీచరమ్మ.

సంచి మనిషి మాత్రం చివరి కుర్చీలోంచి లేవలేదు.

ఆదివారం పొద్దున్న పదింటికి ఆ లైబ్రరీలో పొడుగు బల్ల చుట్టూ చేరడం ఏడాదిగా అలవాటు. ఎవరే నవల చదువుతున్నారో, ఎంతవరకు వచ్చారో, ఎక్కడ ఏడ్చారో చెప్పుకోవాలి. ముగింపు మాత్రం చెప్పకూడదు. అదొక్కటే షరతు.

మూడు నెలలుగా ఆ షరతుతో పనే లేకుండా పోయింది. ఎవరో చివరి పేజీలు చింపేస్తున్నారు.

"ఇంతకీ ఆ పిల్ల ఇల్లు వదిలి వెళ్ళిందా, ఉండిపోయిందా? డ్యూటీలో కూడా అదే ధ్యాస తల్లీ!" అని నర్సు గోల పెట్టేది.

అప్పుడు టీచరమ్మ కళ్ళజోడు సవరించుకునేది. రిటైరయ్యాక ప్రతి నవలా అందరికంటే ముందు చదివేది ఆవిడే. కుర్చీలన్నీ ఆవిడ వైపు జరిగేవి. ముగింపు ఆవిడ నోట వింటుంటే పుస్తకం చిరిగిన సంగతే గుర్తుండేది కాదు.

కమిటీ అధ్యక్షుడు మాత్రం మర్చిపోలేదు. "నెలాఖరులోగా దొంగ దొరక్కపోతే ఆదివారం కబుర్లు బంద్," అన్నాడు.

లైబ్రేరియన్ వాళ్ళింట్లో చదువుకున్న మొదటి మనిషి. నవల గురించి నాలుగు మాటలు వినడానికైనా ఆమెకి ఆ బల్ల తప్ప మరోచోటు లేదు.

తను చదువుతున్నది కాక, చిరిగినవి పది పుస్తకాలు. టీచరమ్మ సలహా మీద, ఎవరెప్పుడు తీసుకున్నారో రాసే వాటి కార్డులు తీసి చూసింది. పదింటి మీదా సంచి మనిషి పేరుంది.

ఆయన వచ్చి నాలుగు నెలలే. సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. తన వంతు వస్తే, "ఇంకా అవలేదండీ," అనేవాడు.

"పెద్దాయనా, చదువుతున్నారా, బట్టీ పడుతున్నారా?" అని కండక్టరు ఆటపట్టిస్తే నవ్వేసేవాడు.

పోయిన ఆదివారం అందరూ వెళ్ళేదాకా ఆగి, "మరి మీరేం చదువుతున్నారమ్మా?" అని అడిగాడు.

ఆ మాట అంతకుముందు ఎవరూ ఆమెని అడగలేదు. పొంగిపోయి నవల పేరు చెప్పింది. ముగింపు చిరిగిపోయిందనీ, టీచరమ్మ చెప్పబోతే చెవులు మూసుకున్నాననీ, తానే చదవాలనుందనీ అంతా చెప్పేసింది.

ఇప్పుడా పేజీలు ఆయన సంచిలో!

"చింపింది చాలక, ఏమీ ఎరగనట్టు అడిగారు కదూ!" అంది లైబ్రేరియన్. "ఎంత నమ్మాను మిమ్మల్ని!"

"అవి మీ కోసమేనమ్మా. నేనేమో..."

ఆయన ఒక్కసారి టీచరమ్మ వైపు చూశాడు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటోంది. ఆయన మాట మింగేశాడు.

"చెప్పింది చాల్లెండి. మీ స్టాపొచ్చింది, దిగండి," అన్నాడు కండక్టరు.

ఆయన సభ్యత్వ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. "కాగితాలు నలగనివ్వకండమ్మా," అన్నాడు. సంచి కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

ఆమె ఆ పేజీలు చదవలేదు. చదవబుద్ధి కాలేదు. సొరుగులో పడేసింది.

కొన్నాళ్ళకి కొత్త నవల వచ్చింది. ముద్ర వేసి టీచరమ్మకిచ్చింది. ఆవిడ తర్వాత నర్సు తీసుకుంది.

ఆదివారం నర్సు లబోదిబోమంది. "దీనికీ చివర లేదు!"

"అయ్యో! ఇలా కూర్చోండి, నేను చెబుతాగా," అంది టీచరమ్మ. కుర్చీలు జరిగాయి.

లైబ్రేరియన్ కార్డు చూసింది. రెండే పేర్లు. పాత కార్డులు పదీ మళ్ళీ తీసింది. ఈసారి పేర్లు కాదు, తేదీలు చూసింది. ప్రతిదాంట్లోనూ టీచరమ్మ మొదట, సంచి మనిషి ఆఖర్న.

అందరూ వెళ్ళేదాకా ఓపిక పట్టింది.

"మీరా టీచరమ్మా?"

టీచరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"క్లాసులో నలభై మంది నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళే అమ్మాయ్. ఇప్పుడు ఇంట్లో నేను నోరు తెరిస్తే టీవీ సౌండు పెంచుతారు. ఇక్కడైతే కుర్చీలు నా వైపు జరిగేవి."

"ఆ పెద్దాయన సంచి నా చేత బోర్లింపించారు కదండీ! ఆ కాగితాలు కూడా మీరే అందులో పెట్టారా?"

"ఒట్టు, నేను కాదు! నాకూ అదే అంతుపట్టలేదు. నేను చింపినవన్నీ మా బీరువాలోనే ఉన్నాయి."

లైబ్రేరియన్ సొరుగు లాగింది. కాగితాల అంచు ఎక్కడా చిరగలేదు. కత్తితో కోసినట్టు తిన్నగా ఉంది. కాగితం కొత్తది. జెరాక్సు. మూలన వేరే ఊరి లైబ్రరీ ముద్ర కూడా అచ్చుపడింది.

సభ్యత్వ కార్డు మీది అడ్రసు పట్టుకుని పరిగెత్తింది. అక్కడ షట్టరు దించి ఉంది.

"పుస్తకాల బైండింగాయనా? పోయిన శుక్రవారమే కొట్టు ఖాళీ చేశాడు," అన్నాడు పక్క కొట్టతను.

"ఎక్కడికెళ్ళారు?"

"అడిగితే నవ్వాడంతే."

తిరిగొచ్చి అరల ముందు కూలబడింది. వాపసొచ్చిన పుస్తకానికి తేదీ వేసి సర్దడమే గాని, ఏనాడూ చివర తెరిచి చూడలేదు తను.

ఒక్కొక్కటే తిప్పి చూస్తే, పది నవలల్లోనూ చివరి కాగితాలు మిగతావాటికంటే కాస్త తెల్లగా, అతుకు తెలియకుండా కుదురుకుని ఉన్నాయి. పదకొండో నవలకి అతకాల్సినవి మాత్రం ఆమె చేతిలోనే ఉన్నాయి.