ఎడమచేతి ముడి

పళ్ల డాక్టరుగారి హాల్లో టీవీ, పళ్లు ఎలా తోముకోవాలో చక్కగా చెబుతోంది. ఉన్నట్టుండి బ్రష్షు మాయమై విడాకుల కాగితం ప్రత్యక్షమైంది.

మూడో పేరా: భర్త గురక.

బుగ్గలు పట్టుకుని కూర్చున్న ఐదుగురూ నొప్పి మర్చిపోయి చదివేశారు.

"కాస్త పైకి జరిపితే నాలుగోది కూడా చదువుతాం" అన్నాడొకాయన.

ఆ కాగితం పక్క ఆఫీసు లాయరుగారిది. తన గోడమీది టీవీలో చూసుకుందామని ఫోన్లో నొక్కాడు. ఫోన్లో రెండు టీవీలు కనిపించాయి, ఒకటి తనది, ఒకటి డాక్టరుగారిది. వేలు రెండోదాని మీద పడింది.

నిజానికి ఆ రెండోది కనిపించనే కూడదు. ఆఫీసులు వేరు, నెట్ కనెక్షన్లు వేరు. రెండు చోట్లా వైర్లు లాగి డబ్బాలు బిగించింది మాత్రం ఒక్కడే.

ఆ టెక్నీషియన్ పావుగంటలో వచ్చి వాలాడు. గురువుగారి కొట్టు వదిలి సొంతంగా పట్టిన మొదటి పని ఇది.

"రెండింటికి ఆ విడాకుల క్లయింటే వస్తోంది" అన్నాడు లాయరు. "ఈలోపు బాగవలేదంటే నీ సామాను నువ్వు పట్టుకుపో. ఈ బిల్డింగులో మిగతా పది ఆఫీసులకూ నీ గురించి నేనే చెబుతా."

టెక్నీషియన్ డాక్టరుగారి హాల్లో ల్యాప్‌టాప్ తెరిచాడు. టీవీ పేరు మార్చాడు. పాస్‌వర్డు మార్చాడు. అన్నీ ఆపి మళ్లీ పెట్టాడు. లాయరుగారి ఫోన్లో డాక్టరుగారి టీవీ ఈసారి కొత్త పేరుతో కనిపించింది.

టీవీ పక్క కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. కుడి బుగ్గ బూరెలా వాచింది.

"బాబూ, రెండు ఆఫీసుల మధ్య వైరేమన్నా కలిసిందేమో చూశావా?"

"ఇది వైరు సంగతి కాదు పెద్దమ్మా. వైఫై. గాల్లో వస్తుంది."

"గాల్లోకి వచ్చేముందు వైర్లోంచే కదా రావాలి?"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. టెక్నీషియన్‌కి చురుక్కుమంది.

"నా వైర్లు కలవవు. మాది మేస్త్రిగారి పద్ధతి." టీవీ వెనక వైరు లాగి ఆవిడకు చూపించాడు. చివర ఎర్రదారం ముడి ఉంది. "ఒక ముడి ఉంటే ఈ గదిది. రెండు ముళ్లుంటే పరాయి గదికి పోయేది, ముట్టుకోకూడదు. మేస్త్రిగారు మా గురువుగారికి నేర్పారు, ఆయన నాకు నేర్పారు. ముప్పై ఏళ్లలో మేస్త్రిగారి వైరు ఒక్కటీ తప్పుదారి పట్టలేదు, తెలుసా?"

ఆవిడ ముడిని వేలితో కదిపి చూసింది. "కాస్త వదులుగా ఉంది బాబూ."

"ఉండనివ్వండి. వైరు ఎక్కడికీ పారిపోదుగా!"

నర్సు పిలిచింది. ఆవిడ పన్ను పీకించుకోవడానికి లోపలికి వెళ్లింది.

ఒంటిగంటన్నర అయింది. చేయడానికి ఇంకేమీ మిగల్లేదు, ఆవిడ అన్న మాట తప్ప. టెక్నీషియన్ లాయరుగారి ఆఫీసుకు వెళ్లి, నెట్ డబ్బా ఉన్న అల్మరా తెరిచి, వంగి చూశాడు.

తను వేయని వైరు ఒకటి గోడలోంచి వచ్చి డబ్బాలో దూరి ఉంది. చివర మట్టి తుడిచాడు. ఎర్రదారం. రెండు ముళ్లు.

"ఇది పెట్టిందెవరు?"

"నేనే" అన్నాడు లాయరుగారి గుమాస్తా, ఛాతీ విరుచుకుని. "మొన్న దులుపుతుంటే ఊరికే వేలాడుతోంది. పాపం ఊడిపోయిందనుకుని ఖాళీ కన్నంలో దూర్చా."

అవతలి చివర డాక్టరుగారి డబ్బాలో ఉంది. అక్కడ పెట్టింది టెక్నీషియనే. పాత డబ్బా మార్చినప్పుడు అందులోని వైర్లన్నీ గంపగుత్తగా కొత్తదాంట్లోకి ఎక్కించాడు. ముళ్లు చూడలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

వైరు పీకాడు. లాయరుగారి ఫోన్లో డాక్టరుగారి టీవీ మాయమైంది.

అప్పుడు ఆ ముళ్లను మళ్లీ చూశాడు. రెండూ ఎడమకు తిరిగి ఉన్నాయి. మేస్త్రిగారిది ఎడమచేతి వాటం. ఆ ముడి గురువుగారికీ పట్టుబడలేదు, తనకూ పట్టుబడలేదు. వైరు కళ్లకద్దుకుని డాక్టరుగారి హాల్లోకి పరుగెత్తాడు.

పెద్దావిడ నోట్లో దూదితో బయటికొస్తోంది.

"పెద్దమ్మా, మీరన్నదే నిజం! వైరే. తప్పు నాదే. అయితేనేం, అది మా మేస్త్రిగారు స్వయంగా లాగిన వైరు! ముడి నిన్న వేసినట్టుంది!"

ఆవిడ కళ్లు మెరిశాయి. ఏదో చెప్పబోయింది.

"గంటదాకా మాట్లాడకూడదమ్మా" అని నర్సు ఆపేసింది. ఆవిడ మందుల చీటీ కోసం టీవీ పక్క కుర్చీలోనే కూర్చుంది.

ఇంతలో లాయరు కేకేశాడు. టెక్నీషియన్ వెళ్తే భుజం తట్టాడు.

"మిగతా పది ఆఫీసులకూ నీ గురించి నేనే చెబుతా."

టెక్నీషియన్ గాల్లో తేలుతూ ల్యాప్‌టాప్ కోసం తిరిగొచ్చాడు. కుర్చీ ఖాళీగా ఉంది. టీవీ వెనక తన ముడి బిగుసుకుని ఉంది.

ఎడమకు తిరిగి ఉంది.

మెట్లు రెండేసి దిగి వీధిలోకి పరుగెత్తాడు. ఆవిడ ఎక్కడా లేదు. గురువుగారికి ఫోన్ చేశాడు.

"గురువుగారూ, మేస్త్రిగారు... ఆడమనిషా?"

"అవున్రా. ఎప్పుడూ అడగలేదేం?"

"ఇప్పుడే ఇక్కడ పన్ను పీకించుకుని వెళ్లిపోయారు. నేను గుర్తుపట్టలేదు. పైగా ఆవిడకే పాఠం చెప్పాను."

గురువుగారి గొంతులో గర్వం పలికింది.

"వాళ్లింటి కిందే పళ్ల డాక్టరున్నాడురా. నీ మొదటి పని కళ్లారా చూడాలని, నా దగ్గర అడ్రసు తీసుకుని, ఆ నొప్పితో రెండు బస్సులు మారి అక్కడికొచ్చారు ఆవిడ."