చేపకు పట్టిన గొడుగు

"ఏమండీ, నా గొడుగెక్కడ?"

కేకేస్తూ పెరట్లోకి వచ్చిన హత్సుయె అక్కడే నిలబడిపోయింది. మిట్టమధ్యాహ్నం. యామకోషి కొండంతా కీచురాళ్ల రొద. సిమెంటు కొలను గట్టున ఆమె మొగుడు కజామా కిన్‌జో గొంతుక్కూర్చుని, ఆమె పూలగొడుగును నీళ్ల మీదికి చాపి పట్టుకున్నాడు. గొడుగు నీడలో, అందానికి పెంచే తెల్లటి కోయి చేప. ఆయన నెత్తిన ఎలుక కొరికిన గడ్డిటోపీ.

"చేపకు గొడుగా! మతిగానీ పోయిందా?"

"మెల్లగా అను. వెన్ను ఎర్రబడుతోంది, చూడు. చెరువులో ఉన్నన్నాళ్లూ ఆ బురదనీళ్లే దీనికి నీడ. ఇక్కడ నీళ్లు అద్దంలా ఉన్నాయా, ఎండలోని అతినీలలోహిత కిరణాలు నేరుగా ఒంటి మీద పడుతున్నాయి. పైనున్న జిగురు పలచబడి తోలు కమిలిపోతుంది. కాచుకోవడానికి తెల్లచేపకు రంగు కూడా లేదాయె."

"అయితే మళ్లీ బురదలోనే వదిలెయ్యండి."

"ఆదివారం చేపల అందాల పోటీ పెట్టుకునా? మేత మాన్పించి, మంచినీళ్లలో పొట్ట ఖాళీ చేయించొద్దూ? కమిలిన చేపను న్యాయనిర్ణేత కన్నెత్తి కూడా చూడడు."

"ఆ మూల వెదురుతడిక కప్పారుగా. దాని కిందకు పోదేం?"

"అదే నాకూ అర్థం కావడం లేదు."

"మీరిక్కడ కూర్చుంటే ఎలా పోతుంది? ఆకలి మీదుంది. మేత వేస్తారని మీ చుట్టే తిరుగుతోంది. మీరు లోపలికొస్తే అదే నీడకు పోతుంది."

కిన్‌జో గొడుగు చేయి మార్చుకున్నాడు.

"నేను లోపలికొస్తే గొడుగెవరు పడతారు?"

హత్సుయె నెత్తి కొట్టుకుని లోపలికి పోయింది.

పొరుగింటి హిరసావా కంచె మీంచి తొంగిచూశాడు. "ఏం కిన్‌జో, ఇంకా తాంచో పుట్టలేదా?"

ఆ మాట కిన్‌జోకు ముల్లులా గుచ్చుకుంది. ఒళ్లంతా తెలుపు, నడినెత్తిన ఒకే ఒక్క గుండ్రటి ఎర్రమచ్చ, అదీ తాంచో అంటే. దానికోసం ఆయన జీవితమంతా చేపపిల్లల్ని తీయిస్తూనే ఉన్నాడు. పుట్టినవన్నీ ఉత్త తెల్లవే.

"పోనీలే, ఈ తెల్లదానికీ నీకూ పోలిక కుదిరింది," అన్నాడు హిరసావా. "ఇద్దరివీ నున్నటి బోడితలలే."

కిన్‌జో చేప వైపు మరింత వంగాడు. పొద్దు వాలేదాకా గొడుగు దించలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

ఆదివారం పోటీలో న్యాయనిర్ణేత నీలిరంగు తొట్టిలోకి వంగి తెల్లచేపను చాలాసేపు చూశాడు. కమిలిన జాడ లేదు.

"తెలుపంటే ఇదీ! వంక పెట్టడానికి లేదు," అన్నాడాయన. "కానీ ఏం చేస్తాం, తాంచో ముందు తెల్లచేప నిలుస్తుందా? మొదటి బహుమతి హిరసావా గారి తాంచోదే."

హిరసావా మీసాల చాటున నవ్వుకున్నాడు. హత్సుయె మొగుడి చొక్కా అంచు లాగింది, పోదాం రమ్మని. కానీ ఓడినా మర్యాద మర్యాదే. కిన్‌జో టోపీ తీసి, నడుము దాకా వంగి నమస్కరించాడు.

బదులు నమస్కారానికి వంగబోయిన న్యాయనిర్ణేత మధ్యలోనే ఆగిపోయాడు. కళ్లద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. టోపీ చాటున తెల్లగా మిగిలిపోయిన ఆ బోడితల నడిమధ్యన, ఎలుక కొరికిన చిల్లు మేరకు ఎండకు కమిలిన, అంచు చెదరని ఎర్రటి బిళ్ల.

"కజామా గారూ," అన్నాడు న్యాయనిర్ణేత, "ఇంత చక్కటి తాంచోను దగ్గర పెట్టుకుని, పోటీకి ఆ ఉత్త తెల్లచేపను దింపారేమండీ?"