జేబులోని పాదరసం

"ఆ చేతులు నా పిల్లల దగ్గరికి తేవద్దు!"

హెడ్ నర్సు హసింతా అరుపుకి ఇంక్యుబేటర్లో పసికందు ఉలిక్కిపడింది.

గుమ్మంలో ఉన్న ముసలావిడ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆవిడ చేతులు వణుకుతున్నాయి. పట్టుకున్న ప్లాస్టిక్ డబ్బాలో థర్మామీటర్లు గలగలమంటున్నాయి.

"నా పేరు కాసిమిరా అమ్మా. లా పాజ్ ఆరోగ్యశాఖ నుంచి పంపించారు. పాదరసం థర్మామీటర్లన్నీ తీసుకుని కొత్తవి ఇస్తున్నాం. అన్ని వార్డులూ అయ్యాయి, మీదే మిగిలింది."

"అబ్బో! చేతులు తిన్నగా ఉన్న మనిషే దొరకలేదా వాళ్లకి?"

"పొద్దున్నే చీచా కల్లు పట్టించి వచ్చినట్టుంది మేడమ్," అంది నీవెస్ అనే నర్సు. మిగతా ఇద్దరు నర్సులూ కిసుక్కుమన్నారు.

ముసలావిడ వినిపించుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని హీటరు వెనక్కి టార్చి వేసింది. గోడవారన పాదరసం పూసలు తళుక్కుమన్నాయి.

"పగిలినవన్నీ ఇక్కడికే ఊడుస్తున్నారా?"

నర్సులు మొహాలు చూసుకున్నారు. థర్మామీటరు పగలగొడితే జీతంలో కోత పడుతుంది. అందుకని ఎవరూ చెప్పరు. పూసల్ని హీటరు వెనక్కి నెట్టేసి, థర్మామీటరుని ఏ బాలింత చుట్టాలో పట్టుకుపోయారంటారు.

"ఆ వేడికి ఇది ఆవిరవుతుంది. ఈ పసివాళ్లు పీల్చేది అదే. గది ఖాళీ చేసి శుభ్రం చేయించాలి."

"చేసి, పిల్లల్ని ఈ చలిలో వీధిలో పడుకోబెట్టమంటావా? థర్మామీటరు వల్ల చచ్చినవాళ్లని ఒక్కరిని చూపించు!"

"చావక్కర్లేదమ్మా. నేనూ నర్సునే. పగిలినప్పుడల్లా చేత్తో ఏరేదాన్ని. చేతులు ఇలా అయ్యాయి."

"మేమూ ఏరుతున్నాం. మాకేం రాలేదే? తాగొచ్చి, నేరం పాదరసం మీదికి తోస్తున్నావా?"

ముసలావిడ లేచింది.

"ఇంకొకటి ఉంది. మీ జేబులోది."

హసింతా చెయ్యి గబుక్కున జేబులోంచి పైకి కనబడుతున్న వెండి గొట్టం మీదికి వెళ్లింది.

చదువు పూర్తయిన ప్రతి నర్సుకీ, పట్టా వేడుకలో తల్లి స్థానంలో నిలబడే జ్ఞానతల్లి వెండి గొట్టంలో థర్మామీటరు పెట్టి కానుకగా ఇస్తుంది. అనాథాశ్రమంలో పెరిగిన హసింతాకి జ్ఞానతల్లిగా నిలబడేవాళ్లు లేరు. పట్టా ఇచ్చే రోజు పొద్దున, పేరు చెప్పని నర్సు ఎవరో పంపిందంటూ కన్యాస్త్రీలు ఈ గొట్టం తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. జేబుకి తగిలించుకోవడానికి దానికి లామా అనే కొండజంతువు ఉన్నితో పేనిన ఎర్రటి దారం కట్టి ఉంది. ఉతుకుదామని ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ ముడి విప్పడం హసింతా వల్ల కాలేదు, మరొకరి వల్లా కాలేదు.

"ఇది నా జ్ఞానతల్లి ఇచ్చింది. ఆవిడొచ్చి అడిగితే ఇస్తా. నీలాంటి తాగుబోతుకి కాదు."

ముసలావిడ చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకుంది. ఆ గొట్టం వంకే చూస్తూ ఉండిపోయింది.

"ఏం, వెండి కనబడగానే కన్ను పడిందా?"

హసింతా ఫోన్ అందుకుంది. కాసేపటికి ఆసుపత్రి డైరెక్టరు వచ్చాడు. పసిపిల్లల వార్డులోకి తాగి వచ్చిందన్న ఒక్క మాట ఆయనకు చాలింది.

"ఇప్పుడే బస్సెక్కు. లా పాజ్‌కి నేను చెబుతా. రేపట్నుంచి నీకీ ఉద్యోగం ఉండదు."

"పోతే పోనివ్వండి బాబూ. అదొక్కటి ఇప్పించండి. పిల్లల దగ్గర ఉండకూడదు."

"ఇచ్చెయ్ హసింతా, పీడ వదులుతుంది," అన్నాడాయన విసుగ్గా.

హసింతాకి ఏడుపొచ్చింది. ఏడుపు కన్నా కోపం ఎక్కువొచ్చింది.

"తీసుకుపోయి నెత్తిన పెట్టుకో! దారం మాత్రం ఇవ్వను. నీవెస్, కత్తెర తే!"

"కొయ్యకండి," అంది ముసలావిడ.

వణుకుతున్న వేళ్లతోనే ముడిని ఓ పక్కకి నొక్కి, అడుగున ఉన్న పోగు లాగింది. నిద్రలో పసిబిడ్డ గుప్పిట విప్పినట్టు ముడి విడిపోయింది. దారాన్ని హసింతా అరచేతిలో పెట్టి, గొట్టాన్ని డబ్బాలో వేసుకుని, ఇంకెవరి వంకా చూడకుండా వెళ్లిపోయింది.

నీవెస్ ఆవిడ వెనకాల తూలుతూ నాలుగడుగులు నడిచి చూపించింది. అందరూ పగలబడి నవ్వారు. డైరెక్టరు కూడా నవ్వాడు.

నవ్వబోయిన హసింతా, చేతిలోని దారం చూసి ఆగిపోయింది.

"ఏమైంది మేడమ్?"

హసింతా మెట్లు దిగి గేటు దాకా పరిగెత్తింది. అప్పటికే బస్సు దుమ్ము లేపుకుంటూ కొండ మలుపు తిరుగుతోంది.

ఏ వణుకూ లేని వేళ్లతో ఒకనాడు ఆ ముడి వేసి, దిక్కులేని పిల్లకి పంపిన జ్ఞానతల్లి ఆ బస్సులోనే ఉంది.