కప్ప ఉన్న గది

"ఇదా నువ్వు ఏరి ఏరి పట్టిన దీవి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, భార్య ఫోనుని చెయ్యంత దూరంలో పట్టుకుని.

టైల్స్ ఫ్యాక్టరీలో అతని పని, ప్రతి బిళ్ళనీ వేలి కణుపుతో కొట్టి, మోత నచ్చకపోతే పక్కన పడేయడం. ఇరవై ఏళ్ళుగా కొట్టీ కొట్టీ ఆ వేలికి అదొక జబ్బయి కూర్చుంది. ఇంట్లో భోజనాల బల్లనీ, పుచ్చకాయనీ, చివరికి పిల్లల మార్కుల కార్డునీ అదే వేలితో కొడతాడు. ఇంతవరకు ఏదీ సరిగ్గా మోగిన పాపాన పోలేదు.

"చిన్న దీవేనండీ. పడవలో గంటన్నర. గది గుమ్మం దిగితే ఇసకే," అంది భార్య బఠాణీలు ఒలుస్తూ. "ఈ సెలవులకి ఒక్క గదే మిగిలిందట. ఎంతమందిమి వస్తున్నామో ఆరింటిలోగా చెప్పాలి."

"ఎంతమందిమేంటి, దానికో లెక్కా? నేను సరేనంటే నలుగురం. వద్దంటే ఎవరూ కదలరు."

గోడ గడియారంలో అయిదున్నర దాటింది. బల్లకి అటువైపు తల్లి పక్కన పదో తరగతి పిల్ల, నాలుగో తరగతి పిల్లవాడు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. వారం రోజుల్లో ఈ బల్ల మీద అయిదు దీవులు మునిగిపోయాయి. ఒకచోట ఇసక మరీ తెల్లగా ఉంది, కళ్ళు పోతాయన్నాడు. ఇంకోచోట కొబ్బరిచెట్లు వంగి ఉన్నాయి, నెత్తిన కాయ పడుతుందన్నాడు. మరోచోట ఎటు చూసినా నీళ్ళేనని పెదవి విరిచాడు.

"ఈసారి నువ్వు కూడా రా నాన్నా," అంది పిల్ల.

"రమ్మనగానే వచ్చేయడానికి నేనేమన్నా సూట్‌కేసునా? ముందు చూడనీ. అయినా పోయినేడు నేను ఆడిట్‌లో చస్తుంటే మీ పెద్దమ్మ ఇంటికెళ్ళి నాలుగు రోజులు తిరిగొచ్చారుగా, చాల్లేదా? ఆవిడ ఇంటికి పైకప్పు ఉందో లేదో గానీ, ముగ్గురూ మాడిపోయి వచ్చారు."

పిల్లలిద్దరూ తల్లి వైపు చూశారు. అతను పట్టించుకోలేదు. తను మాట్లాడాక ఇంకొకరు మాట్లాడటానికి ఏం మిగులుతుందని అతని ఉద్దేశం.

"వెళ్ళొచ్చినవాళ్ళు ఏం రాశారో చూద్దాం. బుర్ర ఉన్నవాడు ఒక్కడైనా దొరక్కపోడు." బొటనవేలితో కాసేపు తెరని పైకి తోశాడు. "ఇదిగో, వీడెవడో కుళాయి సన్నగా వస్తోందని ఒక్క స్టారే ఇచ్చాడు. మనిషంటే వీడూ. ఆ కింద ఒక మహాతల్లి చూడండి, అయిదుకి అయిదూ ఇచ్చేసింది. పేరు చెప్పుకునే ధైర్యం లేక 'ఒక ఇల్లాలు' అని పెట్టుకుంది. వినండి."

గొంతు సాగదీసి చదవడం మొదలుపెట్టాడు.

"'రెండుసార్లు కరెంటు పోయింది. సముద్రమే విసనకర్ర పట్టి విసిరింది.' విసురుతుంది, జీతం తీసుకుని మరీ విసురుతుంది. 'ఒకరోజు అన్నం మాడింది. ఎవరూ ఏమీ అనలేదు. ఎంత హాయిగా ఉందో.' మాడిన కూడు తినడం కూడా హాయేనట. నాలుక ఉందా, పడవలోనే మర్చిపోయి దిగిందా?"

భార్య చేతిలో కాయ టప్‌మని విచ్చుకుంది. నాలుగు గింజలు బల్ల మీద దొర్లాయి.

"'స్నానాల గదిలో ఒక కప్ప ఉంది. మావాడు దానికి మేనేజరుగారు అని పేరు పెట్టాడు. తలుపు తట్టి, ఆయన పక్కకి జరిగాకే స్నానానికి వెళ్ళేవాళ్ళం.'"

పిల్లవాడికి పొలమారింది. అక్క వాడి వీపు మీద ఒక్కటిచ్చి తలొంచుకుంది. ఆమె భుజాలు ఊగుతున్నాయి. తన చదువుడు రక్తి కట్టిందని ఇన్‌స్పెక్టరుకి హుషారొచ్చింది.

"నవ్వొస్తోందిగా? గదిలో కప్ప కనబడితే ఎవడైనా గొడవ పెట్టుకుంటాడు. ఈవిడ దానికి 'గారు', 'ఆయన' అని మర్యాద కూడా ఇచ్చింది. ఇలాంటివాళ్ళుండబట్టే లోకంలో నాణ్యత లేకుండా పోయింది. పగిలిన బిళ్ళ పరిచినా, గీత ఎంత అందంగా ఉందో అంటారు. చెత్త మనుషులు, చెత్త దీవి, ఒకదానికొకటి సరిపోయాయి."

"అయిపోయిందా?" అంది భార్య. "చివరిదాకా చదవండి."

"చదువుతా, నాకేం భయం. 'ఒక స్టారు తగ్గిద్దామని చూస్తే కారణం దొరకలేదు. వంకలు పెట్టే ఆయన్ని ఇంట్లోనే వదిలేసి వచ్చాం.'"

ఇన్‌స్పెక్టరు పగలబడి నవ్వాడు. "చూశారా, మొగుణ్ణి వదిలేసి పోయింది. వాడే అదృష్టవంతుడు, కప్పతో కాపురం తప్పింది. ఇలాంటిదాన్ని ఇన్నాళ్ళూ భరిస్తున్నాడంటే ఆ వెర్రిబాగులవాడికి దణ్ణం పెట్టాలి. కింద ఫోటో కూడా తగిలించింది, ఆ మొహం ఎలా ఉందో చూద్దాం."

భార్య చేతులు తుడుచుకుంది. "ఆరు కావస్తోంది. వాళ్ళకి ముగ్గురమని చెప్పనా, నలుగురమని చెప్పనా?"

"ఉండవే," అంటూ అతను రెండు వేళ్ళతో ఫోటోని పెద్దది చేశాడు. మోకాలి లోతు నీళ్ళలో ఒకావిడ, అటూ ఇటూ ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు. వాళ్ళు ఇప్పుడు బల్లకి అటువైపు కూర్చున్న ముగ్గురేనని పోల్చుకోవడానికి అతనికి కాసేపు పట్టింది. ఫోటోలో ముగ్గురూ నవ్వుతున్నారు మరి.